‘ఉంది’ అనకుండా ‘ఉన్నట్టు కనిపిస్తోంది’ అని ఎందుకు రాశారు?

పోయిన ఏడాది వేసవిలో నాన్నకి నాలుగు రోజులైనా కడుపునొప్పి తగ్గకపోతే నరసరావుపేటలో స్కానింగ్ చేయించారు. రిపోర్టు రెండు పేజీలు, మొత్తం ఇంగ్లీషే. తమ్ముడు దాన్ని ఫోటో తీసి నాకు వాట్సాప్‌లో పెట్టేలోపే నాన్న కళ్ళద్దాలు తగిలించుకుని మొదటి లైను నుంచి చివరి లైను దాకా చదివేశారు. ఆయన ఆ రోజుల్లో ఎస్‌ఎస్‌ఎల్‌సీ పాసైన మనిషి, ఇంగ్లీషు ముక్క ఏది కనబడినా కూడబలుక్కుని చదువుతారు, అర్థం కాకపోతే డిక్షనరీ తీస్తారు. రాత్రి తొమ్మిదిన్నరకి ఫోన్ చేశారు.

"అమ్మాయ్, క్లోమం గురించి ‘విజువలైజ్డ్ పోర్షన్స్ అపియర్ నార్మల్’ అని రాశారు. కనిపించినంత మటుకు బాగానే ఉన్నట్టు కనిపిస్తోంది అనేగా దానర్థం? బాగుంటే బాగుంది అని రాస్తారు గానీ ఉన్నట్టు కనిపిస్తోంది అని ఎందుకు రాస్తారు? కనిపించని చోట ఏదో ఉందనే కదా?"

నేను హైదరాబాద్‌లో పదిహేనేళ్ళుగా రోజంతా ఇంగ్లీషులోనే మెయిల్స్ రాసే ఉద్యోగం చేస్తున్నాను. అయినా నాకు ఆ క్షణంలో నోట్లోంచి వచ్చింది ఒక్కటే, "వాళ్ళు మామూలుగా అలాగే రాస్తారు నాన్నా, ఏం కాదు" అని. ఏం కాదని నాకెలా తెలుసు? నాన్న ఊరుకున్నారు గానీ ఆ రాత్రి నిద్రపోలేదని మర్నాడు అమ్మ చెప్పింది.

మర్నాడు పొద్దున రిపోర్టు చూసిన డాక్టరు గారు నాన్నని ఎదురుగా కూర్చోబెట్టుకుని ఓపిగ్గా చెప్పారట. స్కానింగ్ అంటే లోపలికి కెమెరా పెట్టి చూడటం కాదు. మన చెవికి అందని శబ్ద తరంగాల్ని లోపలికి పంపితే అవి అవయవాలకి తగిలి వెనక్కి వస్తాయి, వెనక్కి వచ్చినవాటితో మెషీన్ ఒక బొమ్మ గీస్తుంది. క్లోమం జీర్ణాశయం వెనకాల నక్కి ఉంటుంది. ముందున్న జీర్ణాశయంలోనో పేగుల్లోనో గ్యాస్ ఉందంటే తరంగాలు దాన్ని దాటి పోలేవు, అందుకని క్లోమం మొత్తం కనబడటం చాలామందిలో కుదరదు. కనబడిన భాగం మాత్రం బాగానే ఉంది. స్కానింగ్ చేసినాయన తను చూసింది ఎంతో, ఎలా చూశాడో అంతే రాశాడు, చూడనిది చూసినట్టు రాయలేదు. నాన్నకి ఉన్నది గ్యాస్ నొప్పే, మందులతో వారంలో తగ్గిపోయింది.

నన్ను మాత్రం ఆ ‘అపియర్’ అన్న మాట వదల్లేదు. నాన్న ఒక రాత్రంతా భయపడ్డారు, నేను ఆయనకి ధైర్యం చెప్పలేకపోయాను, దానికి కారణం నాకు ఆ మాట పైపైన తెలియడమే. ఆ తర్వాత కొన్ని నెలలు నేను ఈ తరహా మాటలన్నీ, అంటే సీమ్, లుక్, అపియర్, సౌండ్, ఫీల్, యాజ్ ఇఫ్, అపారెంట్లీ, ఇవన్నీ ఎక్కడ కనబడినా పట్టుకుని కూర్చున్నాను. నాకు అర్థమైనంతలో చెప్తాను, ముఖ్యంగా నాలాగా తెలుగు మీడియంలో చదువుకుని తర్వాత ఇంగ్లీషులో బతుకుతున్నవాళ్ళ కోసం.

మా జిల్లా పరిషత్ హైస్కూల్లో ఈ మాటలు మాకు ఎలా వచ్చాయో గుర్తుంది. పాఠం చివర అర్థాలు రాయించేవాళ్ళు. లుక్ అంటే చూచు. సీమ్ అంటే కనిపించు, తోచు. అపియర్ అంటే కనిపించు. అయిపోయింది. సీమ్‌కీ అపియర్‌కీ తేడా ఏంటో ఎవరూ అడగలేదు, చెప్పలేదు. పైగా ‘అపియర్’ మాకు మొట్టమొదట తెలిసింది పరీక్షల వల్ల, ‘టెన్త్‌కి అపియర్ అయ్యాను’ అంటారే, అలా. మన దేశంలో పరీక్షకి అపియర్ అవుతాం, కోర్టులో వకీలు అపియర్ అవుతాడు, రెండూ హాజరు కావడమే. అలాంటి మాట స్కానింగ్ రిపోర్టులో క్లోమం పక్కన కూర్చుంటే నాన్నకి కంగారు పుట్టడంలో వింతేముంది?

అసలు విషయం ఏంటంటే ఇంగ్లీషులో ఈ మాటలు ‘ఈ సంగతి నాకు ఏ దారిలో తెలిసింది’ అని చెప్పే మాటలు. కంటితో చూసి అంటున్నానా, చెవితో వినా, ముట్టుకునా, మనసులో తోచా, ఎవరో చెబితేనా. ఇది మనకి కొత్తేం కాదు. తెలుగులో ఈ పని మనం నిద్రలో లేపి అడిగినా తప్పు లేకుండా చేస్తాం. బయట చెప్పులు చూసి ‘అన్నయ్య వచ్చినట్టున్నాడు’ అంటాం. చెప్పులు కూడా చూడకుండా ఊరికే అనుకుంటే ‘అన్నయ్య వచ్చాడనుకుంటా’ అంటాం. పక్కింటావిడ చెబితే ‘అన్నయ్య వచ్చాడట’ అంటాం. మనిషిని కళ్ళారా చూస్తే ‘వచ్చాడు’, అంతే. నాలుగేళ్ళ పిల్ల కూడా ఈ నాలుగూ ఒకదాని బదులు ఒకటి వాడదు. ఇంత చక్కటి ఏర్పాటు మన నోట్లోనే ఉండగా, ఇంగ్లీషు నేర్చుకునేటప్పుడు దాన్ని పక్కన పెట్టేసి సీమ్ అంటే కనిపించు అని బట్టీ పట్టాం.

మా బావగారు వకీలు. ఆయనతో ఈ మాట అంటే వెంటనే 1872 నాటి సాక్ష్య చట్టంలో అరవయ్యో సెక్షన్ చెప్పారు. నోటితో చెప్పే సాక్ష్యం ప్రత్యక్షంగా ఉండాలి అంటుందది. చూసిన సంగతైతే చూసినవాడే వచ్చి చెప్పాలి, విన్న సంగతైతే విన్నవాడే చెప్పాలి, ఇంకే ఇంద్రియంతో తెలిసినా అలా తెలిసినవాడే చెప్పాలి, అభిప్రాయమైతే ఆ అభిప్రాయం ఉన్నవాడే చెప్పాలి. 2024 జులై 1 నుంచి ఆ చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియమ్ వచ్చినా ఈ సూత్రం అలాగే ఉందన్నారు. నేను ఆ నాలుగు ముక్కలూ ఒక కాగితం మీద రాసుకుని వాటి పక్కనే ఇంగ్లీషు మాటలు రాసుకున్నాను. కన్నుకి లుక్. చెవికి సౌండ్. ఒంటికి, చేతికి ఫీల్, ముక్కుకి స్మెల్, నాలుకకి టేస్ట్. అభిప్రాయానికి సీమ్. ఆ కాగితం ఇప్పటికీ ఆఫీసులో నా డెస్కు మీద ఉంది.

చెవి సంగతి ముందు చెప్తాను, ఎందుకంటే మనవాళ్ళు దాన్నే ఎక్కువ వదిలేస్తారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఫోన్లో మా పైఆఫీసర్ "యు సౌండ్ టైర్డ్" అన్నారు. నాకు అర్థం కాలేదు, సౌండ్ అంటే శబ్దం కదా, శబ్దం అలసిపోవడం ఏంటి అనుకున్నాను. అదే రోజు రాత్రి అమ్మ ఫోన్ చేసి హలో అనగానే "గొంతు అదోలా ఉందేంటే, జలుబు చేసిందా?" అంది. రెండూ ఒకటే మాట! అమ్మ నన్ను చూడలేదు, గొంతు విని అడిగింది. ఫోన్లో అవతలివాళ్ళతో ‘యు లుక్ టైర్డ్’ అనకూడదు, మనకి కనబడలేదు గనక. వీడియో కాల్ అయితే అనొచ్చు. ‘అతని పేరు చూస్తే మలయాళీలా ఉంది’ అని మనం అంటాం, వాళ్ళు పేరు చెవినపడితే ‘సౌండ్స్’ అంటారు.

ఇక్కడే జాగ్రత్తగా ఉండాల్సిన చోటు ఒకటుంది. ఏదైనా ప్లాన్ చెబితే వాళ్ళు ‘సౌండ్స్ గుడ్’ అంటారు, అంటే సరే, అలాగే చేద్దాం అని. దాన్ని మాటకి మాట తెలుగు చేస్తే ‘వినడానికి బాగానే ఉంది’ అని వస్తుంది. మన ఇళ్ళల్లో ఎవరైనా ‘వినడానికి బాగానే ఉంది’ అన్నారంటే ఆ వెనక ‘కానీ’ ఉంటుంది, ఈ పని అయ్యేది కాదులే అని ఉంటుంది. మా టీంలో కొత్తగా చేరిన కుర్రాడు, తెనాలి అబ్బాయి, క్లయింటు ‘సౌండ్స్ గుడ్’ అని రాస్తే ఇంకా ఒప్పుకోలేదనుకుని రెండు రోజులు పని మొదలుపెట్టకుండా ఆగిపోయాడు. పాపం అతని తప్పేం లేదు. ఈ తేడా ఎవరో ఒకరు ముందే చెప్పి ఉండాల్సింది.

ముక్కు దగ్గర మాత్రం రెండు భాషలూ భలే కలిశాయి. ‘ఇట్ స్మెల్స్’ అని ఊరికే అంటే కంపు కొడుతోందని. మంచి వాసనైతే ఇంకో మాట కలపాలి. మనకీ అంతేగా, ‘పప్పు వాసనొస్తోంది’ అంటే పాడైపోయిందనే, మంచిదైతే ‘ఘుమఘుమలాడుతోంది’ అనో ‘కమ్మటి వాసనొస్తోంది’ అనో అంటాం.

ఇక మనవాళ్ళు ఎక్కువగా చేసే తప్పు. ‘షీ లుక్స్ బ్యూటిఫుల్లీ’, ‘హి సీమ్స్ హ్యాపీలీ’. చాలామంది దీన్ని గ్రామర్ రాకపోవడం అంటారు, నేను ఒప్పుకోను. అలా రాసినవాళ్ళకి గ్రామర్ వచ్చు కాబట్టే అలా రాశారు! బళ్ళో మనకి ‘గా’ వస్తే ఎల్‌వై పెట్టమని నేర్పారు. నెమ్మదిగా అంటే స్లోలీ, కోపంగా అంటే యాంగ్రిలీ. తెలుగులో ‘అందంగా ఉంది’, ‘సంతోషంగా కనిపిస్తున్నాడు’, ‘మెత్తగా ఉంది’, అన్నిటికీ ‘గా’ ఉంది కదా, మరి ఎల్‌వై ఎందుకు పెట్టకూడదు? ఎందుకంటే ఇంగ్లీషులో ఎల్‌వై పని ఎలా జరిగిందో చెబుతుంది, మనిషి ఎలా ఉన్నాడో చెప్పదు. ‘హి లుక్డ్ ఎట్ మీ యాంగ్రిలీ’ అంటే అతను నా వైపు కోపంగా చూశాడు. చూడటం అనే పని అతనే చేశాడు. ‘హి లుక్డ్ యాంగ్రీ’ అంటే అతను కోపంగా ఉన్నట్టు కనిపించాడు. ఇక్కడ చూసింది నేను, అతను కాదు. ఎవరు చూస్తున్నారు అని ఒక్కసారి అడుక్కుంటే చాలు. నా దగ్గరికి ఇంగ్లీషు అడగడానికి వచ్చే పిల్లలకి నేను ఇదొక్కటే చెప్తాను, గ్రామర్ పేర్లు ఏవీ చెప్పను, వాళ్ళు మళ్ళీ ఆ తప్పు చేయరు.

రెండోది ‘హౌ డజ్ హి లుక్ లైక్?’ పెళ్ళిచూపుల ముందు ఫోటో రాకముందు మా పిన్ని కూతురు అడిగిన ప్రశ్న ఇది. తెలుగులో ‘అబ్బాయి ఎలా ఉంటాడు?’, ఎలా అంటే హౌ. కానీ ఇంగ్లీషులో చివర ‘లైక్’ ఉంటే ముందు ‘వాట్’ రావాలి, ‘వాట్ డజ్ హి లుక్ లైక్’. దేనిలా ఉంటాడు అని అడుగుతున్నట్టు లెక్క. ఇక్కడ ఇంగ్లీషువాళ్ళకి మూడు ప్రశ్నలున్నాయి, మనకీ మూడున్నాయి, వాటిని పక్కపక్కన పెట్టుకుంటే నాకు చాలా ముచ్చటేసింది. ‘హౌ ఈజ్ హి’ అంటే ఎలా ఉన్నాడు, ఒంట్లో బాగుందా అని. ‘వాట్ డజ్ హి లుక్ లైక్’ అంటే ఎలా ఉంటాడు, పొడుగా పొట్టా, చామనఛాయా అని. ‘వాట్ ఈజ్ హి లైక్’ అంటే ఎలాంటివాడు, మనిషి గుణం ఏంటి అని. వాళ్ళు ‘హౌ’, ‘వాట్’, ‘లైక్’, ‘లుక్’ అన్నిటినీ అటూ ఇటూ జరిపి చెప్పేదాన్ని మనం ఉన్నాడు, ఉంటాడు, ఎలాంటివాడు అని ఒక్క చివర మార్చి చెప్పేస్తాం. విదేశాలకి వెళ్ళేవాళ్ళు రాసే ఇంగ్లీషు పరీక్ష ఐఈఎల్‌టీఎస్‌లో స్పీకింగ్ భాగం పదకొండు నుంచి పద్నాలుగు నిమిషాలు, అందులో మీకు తెలిసిన ఒక మనిషి గురించి చెప్పమనడం మామూలే. ‘వాట్ ఈజ్ హి లైక్’ అని అడిగితే ‘హి లైక్స్ క్రికెట్’ అని మొదలుపెట్టినవాళ్ళు నాకు తెలుసు. ఎలాంటివాడు అని అడిగారని తట్టి ఉంటే వాళ్ళకి చెప్పడానికి బోలెడంత ఉండేది.

సీమ్ మాటకొస్తే, ఆ మాట నాకు ఎంతో ఇష్టమైంది ఈ మధ్యే. వైకింగులు అని చెబుతామే, ఉత్తర ఐరోపా సముద్రపు జనం, వాళ్ళ భాష నుంచి ఇంగ్లీషులోకి వచ్చింది. అక్కడ దాని అసలు అర్థం తగి ఉండటం, ఒప్పి ఉండటం. ఇప్పటికీ ఇంగ్లీషులో ‘సీమ్లీ’ అంటే పద్ధతిగా, తగినట్టుగా ఉన్నది అని. అలా ‘తగి ఉంది’ నుంచి ‘అలా ఉన్నట్టు తోస్తోంది’కి జరిగింది. అది రాకముందు, వచ్చాక కూడా చాలా కాలం, ఇంగ్లీషువాళ్ళు ఈ పనికి ఇంకో మాట వాడేవాళ్ళు, ‘మీథింక్స్’. షేక్‌స్పియర్ నాటకాలు చదివినవాళ్ళకి తెలిసే ఉంటుంది. చూడ్డానికి ‘నేను అనుకుంటున్నాను’ లాగా ఉంటుంది కానీ కాదు. పాత ఇంగ్లీషులో అనుకోవడానికి ఒక క్రియ, అనిపించడానికి ఇంకో క్రియ ఉండేవి, వినడానికి దాదాపు ఒకేలా ఉండి ఉండి చివరికి కలిసిపోయాయి. మీథింక్స్‌లో ఉన్నది అనిపించడం, అందులో ‘మీ’ అంటే ‘నాకు’. అంటే అచ్చంగా ‘నాకనిపిస్తోంది’! ఇది తెలిసిన రోజు నేను నిజంగా కుర్చీలోంచి లేచాను. ఇంగ్లీషు అంటే ఎప్పుడూ ‘నేను’తో మొదలయ్యే భాష, మనదేమో ‘నాకు’ భాష, నాకు ఆకలేస్తోంది, నాకు గుర్తుంది, నాకు అనిపిస్తోంది, ఈ రెండూ ఎప్పటికీ కలవవని అనుకునేదాన్ని. ఒకప్పుడు వాళ్ళూ మనలాగే ‘నాకు’ అన్నారు.

ఆఫీసులో సీమ్ చేసే మేలు చాలా పెద్దది. లెక్క తప్పుందని రాయాలనుకోండి, ‘దేర్ ఈజ్ ఎ మిస్టేక్ ఇన్ యువర్ ఇన్‌వాయిస్’ అంటే వేలెత్తి చూపినట్టుంటుంది. ‘దేర్ సీమ్స్ టు బి ఎ మిస్టేక్’ అంటే తప్పు నా చూపులో కూడా ఉండొచ్చు అని చోటు వదిలినట్టు. మనం ఎక్కడో తప్పు జరిగినట్టుందండీ, ఒకసారి చూస్తారా అంటాం కదా, ఆ ‘అట్టుందండీ’ అదే. కానీ ఇదే సీమ్‌ని మనిషి మీద పెడితే మర్యాద కాస్తా దెప్పుపొడుపు అవుతుంది. ‘యు సీమ్ టు హావ్ ఫర్గాటెన్’ అని రాస్తే, మర్చిపోయినట్టున్నారే అని దీర్ఘం తీసినట్టే. మన ‘మర్చిపోయినట్టున్నారు’కి కూడా ఆ గుణం ఉంది, గొంతుని బట్టి. మెయిల్‌కి గొంతు ఉండదు, కాబట్టి వస్తువు మీద సీమ్ వాడండి, మనిషి మీద తగ్గించండి. ఇంకో చిన్న మాట, ‘ఇట్ ఈజ్ సీమింగ్’ అనకూడదు, సీమ్‌కి ఆ రూపం వాడుకలో లేదు. లుక్‌కి ఉంది, ‘యు ఆర్ లుకింగ్ వెల్’ అనొచ్చు.

యాజ్ ఇఫ్ దగ్గర నేను చాలా రోజులు తిప్పలు పడ్డాను. ‘హి టాక్స్ యాజ్ ఇఫ్ హి నోస్ ఎవ్రీథింగ్’, ‘హి టాక్స్ యాజ్ ఇఫ్ హి న్యూ ఎవ్రీథింగ్’. రెండూ ఇప్పటి సంగతే, మరి రెండోదాంట్లో భూతకాలం ఎందుకు? మొదటిదాంట్లో అతనికి నిజంగానే అన్నీ తెలిసి ఉండొచ్చు. రెండోది, తెలియదు, ఉత్తదే అని చెప్పడం. ‘యాజ్ ఇఫ్ హి వర్ ఎ కింగ్’ కూడా అంతే, రాజు కాదు. తెలుగులో క్రియని మనం మార్చం, ‘రాజైనట్టు’ అనే అంటాం. మరి ఉత్తదని ఎలా తెలుస్తుంది? నాకు దీనికి జవాబు మా ఇంట్లోనే దొరికింది. మా మేనత్త ఎవరి గురించో చెబుతూ "వాడేదో పెద్ద జమీందారైనట్టు ఆ నడకేంటో" అంది. ఆ ‘ఏదో’! అది తీసేసి ‘జమీందారైనట్టు’ అంటే బలం తగ్గిపోతుంది. ‘తనకేదో అన్నీ తెలిసినట్టు’, ‘మేమేదో తినేసినట్టు’, ఎక్కడ పెట్టినా ఏదో అంటే అది నిజం కాదని. ఇంగ్లీషువాళ్ళు క్రియని వెనక్కి జరిపి చేసే పనిని మనం ఒక్క ఏదోతో చేస్తున్నాం. కాబట్టి ఇప్పుడు నాకు రూలు గుర్తు పెట్టుకోవాల్సిన పని లేదు, తెలుగులో మనసులో ఏదో పడుతుందా అని చూసుకుంటాను. పడితే భూతకాలం.

‘అపారెంట్లీ’ గురించి కూడా ఇంతే సూటిగా చెప్పొచ్చు, అది మన ‘అట’. డిక్షనరీలో ‘స్పష్టంగా’ అని కూడా ఉంటుంది, ఆ మాటకి స్పష్టం అనే పాత అర్థం నిజంగానే ఉంది, కానీ ఈ రోజు ఎవరైనా మాటల్లో ‘అపారెంట్లీ దే ఆర్ మూవింగ్ టు పుణె’ అంటే స్పష్టంగా వెళ్ళిపోతున్నారని కాదు, పుణె వెళ్ళిపోతున్నారట అని. నేను చూడలేదు, ఎవరో అన్నారు, లేకపోతే ఏవో ఆనవాళ్ళని బట్టి అలా తేలింది, నాది పూచీ కాదు. ‘అనగనగా ఒక రాజు ఉండేవాడట’ అని అమ్మమ్మలు కథ మొదలుపెట్టడంలో ఉన్న నిజాయితీ కూడా అదే అని నాకు అనిపిస్తుంది, ఆవిడ చూడలేదు కదా.

వానకి మాత్రం మనం వాళ్ళకంటే సుఖంగా ఉన్నాం. ‘ఇట్ లుక్స్ లైక్ రెయిన్’. ఆ ‘ఇట్’ ఏంటి? ఏదీ కాదు, వాక్యానికి ముందు ఒకటి కావాలని పెట్టారు. మనకి ఎవరూ అక్కర్లేదు, వానొచ్చేలా ఉంది, వచ్చేట్టుంది, తెలంగాణలో వానొచ్చేటట్టున్నది, ఎక్కడా ‘అది’ లేదు. అందుకే మన పిల్లలు ‘లుక్స్ లైక్ రెయిన్ ఈజ్ కమింగ్’ అంటారు. మాటల్లో అది చెల్లిపోతుంది, వాళ్ళూ ఇట్ మింగేస్తారు, రాసేటప్పుడు ఇట్ పెట్టాలి.

ఇవన్నీ వచ్చేసినా నాకు ఇబ్బందిగా ఉండేది ఒకటే, మనుషుల రూపం గురించి మాట్లాడటం. మనకి సెలవులకి ఊరెళ్తే గుమ్మంలోనే ‘చిక్కిపోయావేంటే, సరిగ్గా తినట్లేదా’ అంటారు. నాకు ఆ మాట వినకపోతే ఊరొచ్చినట్టే ఉండదు. డల్లాస్‌లో ఉంటున్న మా ఆడపడుచు దగ్గరికి అత్తయ్యగారు వెళ్ళినప్పుడు, పక్కింటి అమెరికన్ అమ్మాయితో ప్రేమగా, తనకి వచ్చిన ఇంగ్లీషులో, ‘యు లుక్ వెరీ వీక్’ అన్నారు. ఆ అమ్మాయి మొహం మాడిపోయింది. అత్తయ్యగారి మనసులో ఉన్నది ఒక పూట అన్నం పెట్టాలన్న ఆరాటం, అక్కడ చేరింది నీలో లోపముంది అన్న మాట. ఆడపడుచు వెళ్ళి సర్దిచెప్పింది, ఆ అమ్మాయి ఆదివారం భోజనానికి వచ్చి పప్పుచారు రెండుసార్లు వేయించుకుంది. అయినా ఇంగ్లీషులో ఆరాటాన్ని చూపించాలంటే లుక్ అనకుండా అడగడమే మంచిది, ఎలా ఉన్నావు, బాగా పని ఉందా అని.

మొన్న ఫిబ్రవరిలో మా చెల్లెలి పెళ్ళయింది. అప్పగింతలయ్యాక రెండు రోజులకి నేను ఆఫీసు పనిలో పడ్డాను, ఊళ్ళోంచే లాప్‌టాప్ పెట్టుకుని. మాతో ఏళ్ళ తరబడి పనిచేస్తున్న లండన్ ఆవిడ పెళ్ళి ఎలా జరిగిందని అడిగింది. నాకు చెప్పాలనిపించింది ఒకటే, ఇల్లు బోసిపోయినట్టుంది అని. మెడలో గొలుసు తీసేస్తే బోసిగా ఉందంటామే, ఆ బోసి. మొదట ‘ది హౌస్ లుక్స్ ఎంప్టీ’ అని రాశాను. తలెత్తి చూస్తే హాల్లో ఇంకా అద్దె కుర్చీలున్నాయి, మూలన లడ్డూల డబ్బాలు, మంచం మీద ఎవరివో చీరలు, ఇల్లంతా నిండిపోయి ఉంది. లుక్స్ కొట్టేశాను. సీమ్స్ పెడితే నాకేదో సందేహం ఉన్నట్టు. వసారాలో నాన్న పేపరు తెరిచి పెట్టుకుని ఒకే పేజీ చూస్తూ కూర్చున్నారు. ‘ది హౌస్ ఫీల్స్ ఎంప్టీ’ అని రాసి పంపించి, లేచి వెళ్ళి ఆయన పక్కన కూర్చున్నాను.